రాహేలమ్మ ఇంట్లో పట్టని జంపఖానా

నేను ఒక జంపఖానాను. ఎరుపు మీద నీలం చారలు, రెండు కొసలా తెల్ల కుచ్చులు, పదిహేనడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. మీలో చాలామందికి నేను తెలిసే ఉంటాను గాని మనకు ముఖాముఖి పరిచయం లేదు. మీరు నాకు చూపించేది వీపు కూడా కాదు, ఇంకాస్త కిందిది. అందుకు నాకేం కోపం లేదు. కూర్చోబెట్టుకోవడమే నా వృత్తి. పైగా దానివల్ల నాకో విద్య అబ్బింది. ప్రార్థన జరుగుతున్నప్పుడు ఎవరు నిజంగా ప్రార్థిస్తున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు పొయ్యి మీద పెట్టొచ్చిన పాల గురించి ఆలోచిస్తున్నారో మోకాళ్ల బరువును బట్టే చెప్పేస్తాను. ఎవరూ అడగరనుకోండి.

నేను పుట్టింది ఓరుగల్లు కొత్తవాడలో, భద్రయ్య మగ్గం మీద. ఆయన భార్య కండెలు చుట్టి ఇస్తుంటే, ఆయన రేడియో వింటూ, మధ్యమధ్య దగ్గుతూ నన్ను నేశాడు. ఏ పెళ్లి పందిట్లోనో పరుస్తారని ఆయన ఆశ. తీరా నన్ను కొనడానికి వచ్చింది కాజీపేట రైల్వే కాలనీ క్రైస్తవ ఆడవాళ్లు. వాళ్లలో ఒక ఆచారం ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. అలా పోగైన పిడికెళ్లు అమ్మి నన్ను కొన్నారు. కాబట్టి నా పోగుల్లో పత్తి ఎంతుందో, కాలనీ వాళ్లు తినని అన్నం కూడా అంతే ఉంది.

భద్రయ్య నన్ను చుట్టి ఇస్తూ, "పెండ్లిళ్లకు పోతదనుకున్న, ప్రార్థనలకు పోతున్నది. ఏడికి పోతేంది, కూసునేటోళ్లకు మెత్తగుంటె సాలు" అన్నాడు. నా జీవితంలో నేను విన్న మొదటి ప్రసంగం అదే. అంత చిన్న ప్రసంగం మళ్లీ చాలా కాలం వినలేదు.

ఇంతకీ నన్ను ఎందుకు కొన్నారో చెప్పాలి. ఆ కాలనీలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. నేను రాకముందు రోజుల్లో పెద్ద క్వార్టర్లలో కూటం పెడితే కుర్చీలు వేసేవారట. ఇంజనీరు గారు, హెడ్ క్లర్కు గారు కుర్చీల్లో, పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌లు, వాళ్ల ఆడవాళ్లు చెప్పులు విడిచేచోట. ఒక శుక్రవారం బైబిల్లోని యాకోబు పత్రిక చదివారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటిచ్చి, బీదవాణ్ని కాళ్ల దగ్గర కూర్చోమంటే అది తప్పని అందులో ఉంది. వింటున్న కుర్చీలన్నీ కిర్రుమన్నాయట.

వెంటనే లేచినవారు జయశీలరావు గారు. రైలు గార్డుగా రిటైరైన మనిషి, కూటానికి పెద్ద. పచ్చజెండా ఊపకుండా భార్యను కూడా బజారుకు పంపరని కాలనీలో హాస్యమాడేవారు. రూలంటే ఆయనకు ప్రాణం. "ఇగ కుర్చీలు బంద్. గొప్పోడైనా బీదోడైనా అందరం ఒక్క జంపఖానా మీద్నే కూసోవాలె. జంపఖానా పరవనింట్ల కూటం లేదు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అనడం మనుషులకు చాలా తేలిక. దేనికన్నారో తర్వాత తీరిగ్గా చూసుకుంటారు.

అలా నేను వచ్చాను. కూటం ఏ ఇంట్లో జరిగితే వచ్చే శుక్రవారం దాకా ఆ ఇంట్లోనే నా మకాం. చుట్టచుట్టి ఓ మూల నిలబెడతారు. అంటే శుక్రవారం వాక్యం వింటాను, శనివారం నుంచి అది ఎంతవరకు వంటబట్టిందో చూస్తాను. ఈ భాగ్యం పాస్టరయ్యకు కూడా లేదు. ఆయన ప్రసంగం ముగించి సైకిలెక్కి వెళ్లిపోతారు, పరీక్షాఫలితాలు నాకొస్తాయి.

ఒకసారి జయశీలరావు గారింట్లోనే మార్త, మరియల కథ చెప్పుకున్నారు. మార్త వంటింట్లో సతమతమవుతుంటే మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది, మరియే మంచి పని చేసింది అన్న కథ. ప్రసంగం జయశీలరావు గారిదే. ఆయన మరియను తెగ పొగిడారు. వింటున్న ఆడవాళ్లను మరియల్లా ఉండమని ఎంతో ప్రేమగా హెచ్చరించారు. చివరి ప్రార్థన చేసి, కళ్లు తెరిచి, వంటింటి వైపు తిరిగి, "హెలెనమ్మా, చాయ్ ఇంకా కాలేదా?" అన్నారు. హెలెనమ్మ ఆయన భార్య. లోపలినుంచి అల్లం దంచుతున్న చప్పుడు ఒక్కసారి ఆగింది. తర్వాత ముందుకంటే గట్టిగా వినబడింది.

ఇంకోసారి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసే విక్టరు ఇంట్లో కూటం. దాచిపెట్టినదేదీ బయటపడకుండా ఉండదన్న మాట మీద ఆ రోజు ప్రసంగం. విక్టరు కళ్లనీళ్లు పెట్టుకుని మరీ విన్నాడు. మర్నాడు మధ్యాహ్నం నన్ను పరుచుకుని పడుకుంటూ పక్కన దోమల చుట్ట వెలిగించాడు. అది దొర్లి నా నడుమ నిమ్మకాయంత బెజ్జం పడింది. నాకెంత మంటపుట్టిందో మీకేం తెలుసు! విక్టరు లేచి చూసి, అటూ ఇటూ చూసి, గబగబా నన్ను చుట్టేశాడు. ఆ తర్వాత ఎవరింట్లో కూటమైనా అందరికంటే ముందొచ్చి సరిగ్గా ఆ బెజ్జం మీద కూర్చునేవాడు. అతని భక్తి చూసి అందరూ ముచ్చటపడేవారు. చివరికి ఒకరోజు రాత్రి డ్యూటీ పడి అతను రాకపోతే విషయం బయటపడింది. హెలెనమ్మ దానిమీద బైబిలు పీట జరిపింది. అప్పటినుంచీ నా బెజ్జం మీద పరిశుద్ధ గ్రంథం ఉండేది.

ఇదంతా నాకు సరదాగానే ఉండేది. సరదా కానిది రాహేలమ్మ సంగతి.

రాహేలమ్మ ఇల్లు కాలనీలో కాదు, పట్టాలకు అవతల బస్తీలో. ఒక్క గది, పైన రేకులు. భర్త దానేలు గ్యాంగ్‌మన్. ఒకప్పుడు శుక్రవారం కూటానికి డోలక్ వాయించింది అతనే. అతను వాయిస్తుంటే కునుకుపాట్లు పడేవాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు, ఆ తేడా నాకు తెలుసు. పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దగా అయింది. అప్పటినుంచి మంచానికే అంకితం. రాహేలమ్మ ఒక్కతే వచ్చి నా అంచున కూర్చునేది, సగం నా మీద, సగం నేల మీద. లేచేటప్పుడు ఏ పాట పాడారో, ఏ వాక్యం చదివారో పక్కవాళ్లను మళ్లీ అడిగి గుర్తుపెట్టుకునేది. "ఇంటికి పోంగనె అడుగుతడమ్మా. అన్ని ఒప్పజెప్పాలె" అనేది.

కొత్త సంవత్సరం రాగానే ఏ వారం ఎవరింట్లో కూటమో నిర్ణయిస్తారు. ప్రతి ఏడూ రాహేలమ్మ అడిగేది.

"జంపఖానా పట్టదు గద చెల్లె" అనేవారు జయశీలరావు గారు.

"మడిచి ఎయ్యరాదే అన్నా?"

"మడిస్తె సగం మంది నేల మీద కూసోవాలె. మళ్ల హెచ్చు తగ్గులొస్తయి. వాక్యానికి విరుద్ధం."

ఆయన మాటల్లో కపటం లేదు. బీదవాళ్లు కింద కూర్చోకూడదని పెట్టిన రూలును ఆయన నిజాయితీగానే కాపాడుతున్నారు. ఆ రూలు కాపాడటం కోసం ఒక బీదదాని ఇంటికి వెళ్లడం మానేశారు. ఈ రెండూ ఒకే మనిషి తలలో పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తాయి. మనుషుల తలలు అంత విశాలం. మరి ఇళ్లేమో ఇరుకు.

అలా ఏళ్లు గడిచాయి. ఆ ఎండాకాలం ఒక శుక్రవారం జయశీలరావు గారింట్లోనే కూటం. మార్కు సువార్త రెండో అధ్యాయం చదివారు. పక్షవాతంతో ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు. వాకిలి నిండా జనం, లోపలికి దారిలేదు. ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా అతన్ని ప్రభువు ముందుకు దించారు. నాకు ఈ కథంటే మహా ఇష్టం, ఎందుకంటే ఇందులో మా జాతివాడు ఒకడున్నాడు. నలుగురు స్నేహితుల విశ్వాసం గురించి గంటలకొద్దీ చెబుతారు గాని, ఆ మనిషిని మోసిన పరుపు గురించి ఒక్కరూ ఒక్క ముక్క అనరు. సరే, అలవాటైపోయింది.

జయశీలరావు గారు ఆ రోజు బ్రహ్మాండంగా చెప్పారు. విశ్వాసానికి గోడలడ్డం కావు, కప్పులడ్డం కావు అన్నారు. ప్రసంగం అయిపోయాక ఎవరికైనా అనుమానాలుంటే అడగమనడం ఆయన అలవాటు. ఎవరూ అడగకపోవడం కూటం అలవాటు. ఆ రోజు నా అంచు మీద బరువు కదిలింది.

"అన్నా, నాకొక అనుమానం. ఆ ఇంటాయన ఏమనలేదా?" అంది రాహేలమ్మ.

"ఏ ఇంటాయన చెల్లె?"

"కప్పు ఇప్పిండ్రు గద, ఆ ఇల్లుగలాయన. మట్టిపెల్లలు మీద పడ్డయేమో. మళ్ల కప్పుకునుడంటె మాటలా? లొల్లి పెట్టలేదా?"

జయశీలరావు గారు కళ్లజోడు సవరించుకుని అధ్యాయం మొదటినుంచి మళ్లీ చూశారు. "ఆయన ఏమన్నడో రాయలేదమ్మా."

"రాయలేదంటె ఏమనకపోయి ఉంటడు. మంచోడు" అంది రాహేలమ్మ. నా అంచును గుప్పిట్లో పట్టుకుంది. "అన్నా, మాది గుడ రేకుల ఇల్లే. జంపఖానా పట్టదంటె ముంగటి గోడ కూలగొడ్త. ఎనుక కట్టుకుంట. ఇంకోపారి పక్షవాతం వస్తె కష్టమని డాక్టరన్నడు. ఆయన ఒక్కపారి మనింట్ల కూటం సూస్తనంటున్నడు. గంతే."

ఎవరూ ఆమెన్ అనలేదు. చాయ్ వచ్చింది, తాగారు, కప్పులు కింద పెట్టారు.

మర్నాడు శనివారం. నేను మూల నిలబడి ఉన్నాను. జయశీలరావు గారు పేపరు తిరగేస్తున్నారు గాని చదవడం లేదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. హెలెనమ్మ కంచం తీస్తూ, "నిన్న ప్రసంగం మీరే చెప్పిండ్రు. మీకిప్పుడు ఇనబడ్డదా?" అంది. ఆయన లేచి బీరువాలోంచి కొలత టేపు తీసి జేబులో వేసుకున్నారు. నన్ను భుజాన ఎత్తుకున్నారు.

పట్టాలు అడ్డంగా దాటితే రాహేలమ్మ ఇల్లు నాలుగు అంగల్లో వస్తుంది. కానీ పట్టాలు దాటడం రూలుకు విరుద్ధం. అందుకని ఆయన అంత ఎండలో, అంత వయసులో, నన్ను మోసుకుంటూ స్టేషను దాకా నడిచి, వంతెన మెట్లెక్కి, దిగి, చుట్టూ తిరిగి వెళ్లారు. నా బరువు నాకు తెలుసు. ఆయన చెమట నా పోగుల్లోకి ఇంకుతుంటే నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది.

రాహేలమ్మ కంగారుపడిపోయింది. గదిలో ఉన్న నాలుగు సామాన్లూ బయటపెట్టింది. దానేలు మంచం గోడవైపు జరిపింది. ఇద్దరూ కలిసి నన్ను పరిచారు. పరిచారనడం గొప్పే. మూడు గోడల మీదికీ ఎగబాకాను. నాలుగో కొస వాకిట్లోంచి బజారులోకి పోయింది. ఒక కుచ్చు నీళ్ల బిందెలో మునిగింది. జయశీలరావు గారు టేపు చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడిపోయారు. ఇక కొలవడానికి ఏముంది?

మంచం మీదినుంచి వింత చప్పుడొకటి వచ్చింది. చూస్తే దానేలు, నోటికి ఒక పక్కనే నవ్వుతున్నాడు.

"అన్నా," అన్నాడు ముద్దగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. "ఇంట్ల... జంపఖానా లేదు. జంపఖానాల... ఇల్లున్నది."

జయశీలరావు గారికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ చెమ్మ చెమటో ఏమిటో నేను చెప్పలేను.

నాకు మసి, బూజు, తడి అన్నీ అంటుకున్నాయి. "అయ్యో, కూటం జంపఖానా కరాబయింది" అని రాహేలమ్మ లబలబలాడుతూ నన్ను బయటికి లాగింది. ఆమె ఇంటి చూరు నుంచి ఎదురింటి గోడకు బట్టలారేసుకునే ఇనుప తీగలు రెండు ఉన్నాయి, బారెడు ఎడంతో. దులపడానికని ఆమె, ఎదురింటి నర్సవ్వ కలిసి నన్ను ఎత్తి ఆ తీగల మీద వేశారు. సందును ఈ గోడనుంచి ఆ గోడదాకా కప్పేశాను. నాలుగు దెబ్బలు కొట్టారు, దుమ్ము లేచింది, అణిగింది.

అప్పుడు నా కింద నీడ పడింది. పడిన మరుక్షణం నర్సవ్వ చింతపండు చాట తెచ్చుకుని అక్కడ చతికిలబడి గింజలు తీయడం మొదలుపెట్టింది. ఒక కోడి పిల్లల్నేసుకుని వచ్చింది. ఇద్దరాడపిల్లలు నేల మీద గళ్లు గీసుకుని అష్టాచెమ్మాకు కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. జయశీలరావు గారికి నిలబడే ఓపిక లేక ఆయనా గోడకు ఆనుకుని మట్టిలోనే కూలబడ్డారు.

"జర జరుగు పెద్దమనిషీ, నా సాట మీదికొస్తున్నవు" అంది నర్సవ్వ.

ఆయన జరిగారు. రాహేలమ్మ ఇచ్చిన నీళ్లు తాగారు. తలెత్తి నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నన్ను అంతసేపు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది.

"చెల్లె, ఈ తీగలు గట్టియేనా?" అన్నారు చివరికి.

"ఎందుకన్నా?"

"జంపఖానా పరవాలనే గద రూలు. నేల మీదనా గాలిలనా అని మనమేం రాసుకోలేదు."

రూలు ప్రాణమైన మనిషి రూలును వదిలిపెట్టాడని మీరు అనుకుంటారేమో. వదల్లేదు. దాన్ని పైకెత్తి కట్టాడు, అంతే.

ఆ శుక్రవారం కూటం రాహేలమ్మ ఇంటి ముందు. బస్తీలో వీధిదీపం లేదు కాబట్టి పొద్దుండగానే పెట్టుకున్నారు. జయశీలరావు గారు ముందే వచ్చి నా కొసలకు తాళ్లు బిగించి, రైలు పెట్టెలను కలిపే కొలికి చూసినట్టు ఒక్కో ముడీ లాగి చూశారు. కాలనీ వాళ్లందరూ వచ్చారు. ఇంజనీరు గారి భార్య ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడి, నర్సవ్వ "రా బిడ్డా" అంటే ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది. విక్టరు తెల్లప్యాంటు వేసుకొచ్చి నాలుక కరుచుకున్నాడు. అందరికీ అదే నేల. రాహేలమ్మ అలవాటు చొప్పున అంచు కోసం వెతికింది. అంచు లేదు. నడుమకొచ్చి కూర్చుంది.

కూటమంతా కలిసి ఎలా ఉంటుందో నేను మొదటిసారి పైనుంచి చూశాను. ఇన్నేళ్లూ నాకు తెలిసిన బరువులకు ముఖాలొచ్చాయి. మనుషుల ముఖాలు బాగుంటాయండీ. ముందే తెలిస్తే మీ గురించి కాస్త తక్కువ వెక్కిరించేదాన్ని.

దానేలును బయటికి తేవాలి. జయశీలరావు గారు, విక్టరు, ఇంజనీరు గారు, నర్సవ్వ కొడుకు తలో కోడు పట్టుకున్నారు. మంచం గుమ్మంలో ఇరుక్కుంది, పక్కకు వంచారు, దానేలు "మెల్లగ, మెల్లగ" అన్నాడు, బయటికొచ్చింది. నా కింద అందరి నడుమ దించారు.

మార్కు సువార్త రెండో అధ్యాయమే మళ్లీ చదివారు. చదువుతుండగా పొద్దు వంగి, నా నడుమ ఉన్న బెజ్జంలోంచి వెలుతురు జారి దానేలు గుండెల మీద పడింది. నిమ్మకాయంత వెలుతురు. విక్టరు దాన్ని చూసి తల దించుకున్నాడు. దానేలు బాగున్న చెయ్యి ఎత్తి ఆ వెలుతుర్లో పెట్టాడు. వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత పైకి చూసి, ఆ బెజ్జాన్ని చూసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"జయశీలన్నా... కప్పు ఇప్పిండ్రు."

జయశీలరావు గారు నోరు తెరిచారు. ప్రసంగం మొదలవుతుందని అందరూ సర్దుకు కూర్చున్నారు. ఆయన బైబిలు మూసి మంచం కోడు పట్టుకుని ఏడ్చారు. నోరు తెరిచి కూడా ఆయన ప్రసంగించని మొదటి కూటం అదే. నేను విన్నవాటన్నిటిలోనూ మంచి ప్రసంగం కూడా అదే, భద్రయ్య చెప్పింది మినహాయిస్తే. ఆ ఏడుపు ఎలా ఆపాలో ఎవరికీ తెలియలేదు. దానేలే ఎడమచేత్తో మంచంపట్టె మీద దరువు మొదలుపెట్టాడు. అది కాస్త తప్పింది, సర్దుకుంది. ఎవరో పాట అందుకున్నారు. అందరూ నిటారుగా కూర్చున్నారు.

ఆ తర్వాత కాలనీ వాళ్లు ప్లాస్టిక్ చాపలు కొన్నారు, ఏ ఇంటికైనా పట్టేంత చిన్నవి. నన్ను ఆ తీగల మీదే వదిలేశారు. ఎండకు నా ఎరుపు వెలిసిపోయింది, ఏది చారో ఏది కాదో నాకే తెలియదు. వానాకాలం చుట్టి మంచం కింద పెడతారు, ఎండాకాలం మళ్లీ కడతారు. హెలెనమ్మ ఒకసారి సూదీ దారం తెచ్చి బెజ్జం కుట్టబోతే దానేలు ఒప్పుకోలేదు. రెండో పక్షవాతం వచ్చి అతను వెళ్లిపోయాక, కుట్టమని రాహేలమ్మ కూడా అడగలేదు.

ఇప్పుడు ఆ వెలుతురు చుక్క ఉత్త నేల మీద పడుతుంది. పట్టాల మీద పనిచేసి వచ్చిన గ్యాంగ్‌మన్‌లు, కూరగాయల గంప దించుకున్న ఆడవాళ్లు, కోళ్లు, అప్పుడప్పుడూ వంతెన మీదుగా చుట్టూ తిరిగొచ్చే ఒక రిటైరైన గార్డు, ఎవరొచ్చినా కూర్చున్నవాళ్లు కాస్త జరుగుతారు. నా కింద ఎంతమంది పడతారో ఇంతవరకు ఎవరూ టేపు పెట్టి కొలవలేదు.